ఆరు గంటల మాత్ర

ఆగస్టు 11

కోపం వచ్చినప్పుడు మనుషుల మీద అరవకుండా కాగితం మీద పెట్టమంది దవాఖాన డాక్టరమ్మ. అలా చేస్తే బీపీ దిగుతుందట. "హరిలాల్ గారూ, ఈ గోలీ జీవితాంతం వేసుకోవాలి" అని కూడా అంది, శుభలేఖ చేతికిచ్చినట్టు నవ్వుతూ.

సరే, పెడుతున్నాను. మొదటి కోపం డాక్టరమ్మ మీద. రెండోది, బీపీ ఉందని నన్ను డంపర్ మీంచి దించి కాటా దగ్గర కూర్చోబెట్టినందుకు. ఓపెన్‌కాస్టులో బొగ్గు మోసే కొండంత బండి నడిపినవాణ్ణి, ఇప్పుడు లారీలు తూగుతుంటే చీటీలు చింపుతున్నాను. మూడోది నా బిడ్డ పూజ మీద.

పూజ మానుకోటలో నర్సింగ్ చదువుతోంది. స్నేహితురాలి పెళ్లికి జనగామ పోయింది. పెళ్లికి పోయిన పిల్ల ఏం తెస్తుంది? తాంబూలం సంచి తెస్తుంది. ఇది కుక్కను తెచ్చింది. బస్టాండు దగ్గర పల్లీల బండి కింద పడి ఉంటే జనం రాళ్లు వేస్తున్నారట. రంగు కూడా వేయించిన పల్లీ రంగే, ఒక చెవి సగం చిరిగి ఉంది. పేరు పల్లి అని పెట్టేసింది. "రెండు దినాలే బా. హాస్టల్‌ల ఉంచుకోనియ్యరు. ఎవలకన్న ఇచ్చేస్త" అంది. బా అంటే మా తండా మాటలో నాన్న. నాలుగో రోజు తను హాస్టలుకు పోయింది. కుక్క పోలేదు.

రాశాను. దిగిందా అంటే ఏమీ దిగలేదు.

ఆగస్టు 14

వారపు సెలవు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ జరిగింది. రోజూ జరిగేదే. కిటికీలు గలగలమంటాయి, గోడ సున్నం కాస్త రాలుతుంది, మళ్లీ ఎవరి పని వాళ్లు చూసుకుంటారు. ఈ కుక్క మాత్రం నిలబడ్డది నిలబడ్డట్టే పక్కకు ఒరిగింది. నాలుగు కాళ్లూ సైకిలు తొక్కినట్టు కొట్టుకున్నాయి. దవడలు టకటకలాడాయి. నోట్లోంచి నురగ, కింద తడి. నా భార్య చంద్రి గోడకు ఆనుకుని దండం పెట్టింది. నేను చెంబెడు నీళ్లు తెచ్చి మొహాన కొట్టాను. కాసేపటికి అదే ఆగింది. లేచి గోడలకు గుద్దుకుంటూ ఇల్లంతా తిరిగింది. నన్ను చూసి గుర్రుమంది. అన్నం పెడుతున్నవాణ్ణి, నన్నే గుర్తుపట్టలేదు.

పూజకు ఫోన్ చేసి తిట్టాను. "నాకు ఎర్కనే బా. ముందుగాల చెప్తె ఉంచుకోవని చెప్పలే" అంది. చదివిస్తే ఈ తెలివి నేర్చుకుంది.

ఆగస్టు 16

పశువుల దవాఖాన. డాక్టరు కృపాకర్ దాని కళ్లు, నోరు చూసి, నేను చెప్పిందంతా విన్నాడు.

"ఇది ఫిట్సు. మనుషులకు వస్తది చూడు, గదే. మందుతోని అదుపుల ఉంటది. పోవుడైతె పోదు."

"ఎన్ని దినాలు ఎయ్యాలె సార్?"

"అది ఉన్నన్ని దినాలు."

పొద్దున ఆరు, సాయంత్రం ఆరు. తప్పకూడదు. ఉన్నట్టుండి మానేస్తే ముందుకన్నా గట్టిగా వస్తుంది. వచ్చినప్పుడు నీళ్లు కొట్టకూడదు, అదిమి పట్టకూడదు, నోటి దగ్గరికి చెయ్యి పోనివ్వకూడదు. లైటు తీసేసి, చుట్టూ సామాను జరిపి, ఊరుకోవాలి. ఊరుకోవాలట! ఊరుకోవడమే వస్తే నాకు బీపీ ఎందుకు వచ్చేది?

డాక్టరమ్మ నాకు చెప్పిన మాటే ఈయన కుక్కకు చెప్పాడు. భూపాలపల్లి డాక్టర్లకు ఇంకో మాట రాదేమో.

ఆగస్టు 19

మాత్ర అన్నంలో పెడితే అన్నం తిని మాత్రను పళ్లెం అంచున పెడుతుంది, చేప ముల్లు తీసి పెట్టినట్టు. బెల్లంలో పెట్టాను. బెల్లం నాకి వదిలేసింది. చివరికి పూజ ఫోన్లో చెప్పినట్టు చేశాను. మోకాళ్ల మధ్య పట్టుకుని, పై దవడ ఎత్తి, నాలుక మొదట్లో మాత్ర పెట్టి, మూతి మూసి, గొంతు నిమరాలి. గుటక వేసింది కదా అని వదిలాను. పోయి నీళ్ల డ్రమ్ము వెనుక ఉమ్మేసింది. బుగ్గలో దాచుకుంది, దొంగది. అప్పటి నుంచి గుటక వేశాక "నోరు తెరువ్" అని ఇంకోసారి తెరిచి చూస్తున్నాను.

చంద్రికి దాని నోట్లో చెయ్యి పెట్టాలంటే భయం. రెండు పూటలా ఈ పని నా నెత్తినే పడింది. కాటా దగ్గర జనరల్ షిఫ్టు కాబట్టి ఆరింటికి ఇంట్లో ఉంటున్నాను. డంపర్ మీదుంటే సెకండ్ షిఫ్టు వారం ఎలా కుదిరేది? చూసినవా, అంతా మన మంచికే అయింది అని చంద్రి అంటే పళ్లెం నెట్టేశాను.

ఆగస్టు 23

పక్క క్వార్టర్ బుచ్చవ్వ మీద కోపం. ఇది పాత కోపమే, ఇవాళ కొత్తగా కాచాను.

ఆమె పుట్టిల్లు టేకుమట్ల దిక్కు, భూములున్న ఇల్లు. ఆ దర్జా ఈ రెండు గదుల క్వార్టరులోకి కూడా తెచ్చుకుంది. నడుముకు ఇంత లావు తాళాల గుత్తి. ఉన్నది ఒక బీరువా, ఒక బియ్యం డబ్బా. వాటికి అన్ని తాళాలెందుకో దేవుడికే తెలియాలి. ఆమె వస్తుంటే ముందు గుత్తి చప్పుడు వస్తుంది, తర్వాత నోరు వస్తుంది.

"ఓ హరిలాలూ, నీ కుక్క నా ముగ్గు తొక్కింది."

"తొక్కితె మల్లెయ్యి."

"గది రోగపు కుక్క. రేపు ఎవలనో ఒకల్ని కరుస్తది, సూడు."

"నిన్ను కర్వకుండ జూస్కోరాదు!"

క్వార్టర్ల లైను లైనంతా బయటికొచ్చి చూసింది. ఆమె కొడుకు వేణు, మంచివాడు, గనిలో ఫిట్టరు, తల్లిని లోపలికి తీసుకుపోయాడు. నన్ను ఎవరూ తీసుకుపోలేదు. నేనే పోయాను.

ఆగస్టు 29

ఈ కుక్క నాది కాదు. ఆదివారం ఎవరో చూడ్డానికి వస్తున్నారు. ఇచ్చేస్తాను, పీడా పోతుంది.

సెప్టెంబరు 1

ఇవ్వలేదు. వచ్చినతను మామిడితోటకు కాపలా కావాలన్నాడు. ఫిట్సు సంగతి, మాత్ర సంగతి చెప్పాను. "గన్ని తిప్పలు ఎవడు వడ్తడన్న? గొలుసేసి కడ్త, ఉంటె ఉంటది, పోతె పోతది" అన్నాడు. పోతే పోతదా? బండి ఎక్కి పొమ్మన్నాను. చాయ్ కూడా తాగనివ్వలేదు.

సెప్టెంబరు 9

చంద్రి కురవి వీరన్నకు మొక్కింది. మా తండా కురవి పక్కనే, ఆమెకు ఏం కష్టమొచ్చినా వీరన్నే. తమ్ముడి బొలెరోలో పోయాం. ఆమె లోపల కొబ్బరికాయ కొట్టి, ప్రదక్షిణలు చేసి వచ్చేదాకా నేను దుకాణం నీడలో కుక్కను పట్టుకుని కూర్చున్నాను. పోయేవాళ్లు వచ్చేవాళ్లు నన్నూ దాన్నీ మార్చి మార్చి చూశారు.

తిరుగు దారిలో ఆరయ్యేసరికి హనుమకొండ దాటలేదు. రోడ్డు పక్కన బండి ఆపించి, దాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని నోరు తెరిచాను. ఎవడో ఫోన్‌తో వీడియో తీశాడు. ఫోన్ గుంజుకుని విసిరేద్దామనుకున్నాను, చేతిలో దవడ ఉంది.

"వీరన్నకు మొక్కినం గద, ఇంకేంది" అన్నాను.

"మొక్కు మొక్కుదే, గోలీ గోలీదే" అంది చంద్రి.

సెప్టెంబరు 30

సద్దుల బతుకమ్మ. మైకులు, పాటలు. కుక్క గడపలో పడుకుని చూస్తూ ఉంది. కురవి పోయొచ్చిన తర్వాత ఒక్కసారి కూడా ఫిట్సు రాలేదు.

బుచ్చవ్వ ఎవరూ చూడటం లేదనుకుని దానికి రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్ద పెట్టింది. నేను చూశాను. "ఏది వడితె గది వెట్టకు" అని అరిచాను. "సద్దుల నాడు గూడ మొరుగుతవేందిరా" అని పోయింది. పోతూ పోతూ ఇంకో ముద్ద పెట్టింది.

అక్టోబరు 5

దసరా కూడా పోయింది. రాలేదు. నాలుగు వారాలవుతోంది. నా కళ్లతో నేను చూస్తున్నాను కదా, బాగయింది. బాగైనదానికి మందెందుకు?

నా సంగతే తీసుకుందాం. డాక్టరమ్మ జీవితాంతం అంది. నేను మానేసి చాలా రోజులైంది. ఏమైంది? గుండ్రాయిలా ఉన్నాను. ఈ మందులు వేసుకున్నన్ని రోజులు మనిషి రోగిష్టి అయి ఉంటాడు, మానేస్తే మామూలు మనిషి అవుతాడు. ఇదీ నా లెక్క.

చంద్రి చూస్తుంది కాబట్టి నా మాత్ర రోజూ స్ట్రిప్పులోంచి తీసి, గుమ్మం పక్కనున్న పాత డంపర్ బూటులో వేస్తున్నాను. ఇవాళ్టి నుంచి కుక్కది సగం అందులో పడుతుంది.

అక్టోబరు 12

మొత్తం మానేశాను. ఆరింటికి దాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుంటాను, గొంతు నిమురుతాను, "నోరు తెరువ్" అంటాను. చంద్రి వంటింట్లోంచి వింటుంది. మాత్ర బూటులో ఉంటుంది. కుక్క నా మొహం కేసి చూస్తుంది, ఇవాళ ఏం పెట్టలేదేమని.

అక్టోబరు 14

ఎంత హుషారుగా ఉందో! ఇన్నాళ్లూ మత్తులో జోగుతూ ఉండేది. ఇవాళ వాకిట్లో కోడిని తరిమింది. నా బూటు నోట కరుచుకుని పోతుంటే వెంటబడి లాక్కుని, గూట్లో పైన పెట్టాను. మందే దాన్ని పాడు చేసింది. డాక్టర్లకు ఈ సంగతి ఎవరు చెప్పాలి?

అక్టోబరు 18

ఈ కాగితం రెండుసార్లు చింపి మళ్లీ రాస్తున్నాను. కోపానికే.

కాటా నుంచి వచ్చి చొక్కా విప్పుతున్నాను. సందులో పిల్లలు పటాకుల సరం ముట్టించారు. దీపావళి ఇంకా రానే లేదు, అప్పుడే మొదలు. వాకిట్లో కుక్క పడిపోయింది. ముందు వచ్చినట్టు కాదు. ఒళ్లంతా విల్లులా వంగి, తల నేలకు కొట్టుకుంటోంది. తల కింద పెట్టడానికి బొంత తేవాలని లోపలికి ఉరికాను. బొంత పట్టుకుని వచ్చేసరికి బుచ్చవ్వ దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉంది. నడుము నుంచి తాళాల గుత్తి విప్పింది.

"ఇనుము వట్టియ్యాలె, ఇనుము వట్టియ్యాలె" అంటోంది.

ఫిట్సు వచ్చిన మనిషికి పిడికిట్లో తాళాలు పెడతారు, తగ్గుతుందని. మా తండాలోనూ పెడతారు. కుక్కకు పిడికిలేదీ? ఆమె నోట్లో పెట్టింది.

దవడలు పడ్డాయి. తాళాల మీద, తాళాలు పట్టుకున్న వేళ్ల మీద. ఆమె అరుపు వినలేకపోయాను. విడిపించేసరికి రెండు వేళ్లు చీలి చీరంతా రక్తం. నేనేం చేశాను? బొంత విసిరేసి, లైనంతా వినేటట్టు అరిచాను. "బుద్ధిలేని ముసల్దానా! కుక్క నోట్ల చెయ్యి వెడ్తవా? నిన్నెవడు రమ్మన్నడు?" రక్తం కారుతున్న మనిషిని, అంత మాట అన్నాను. వేణు వచ్చి తల్లిని బండి మీద దవాఖానకు తీసుకుపోయాడు. పోతూ నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

కుక్కకు ఆగలేదు. ఒకటి తగ్గీ తగ్గకముందే ఇంకొకటి. కృపాకర్ ఫోన్ ఎత్తి, తనే వచ్చి సూది వేశాడు. అది చల్లబడ్డాక అడిగాడు.

"గోలీలు ఎప్పుడన్న తప్పినయా?"

"లేదు సార్."

"ఒక్క పూట గూడ?"

"తప్పలేదు సార్."

ఆయన సూది సంచిలో పెట్టుకున్నాడు. మందు నడుస్తుండగానే ఇలా ఒకదాని మీద ఒకటి వస్తే మందుకు లొంగనట్టే అన్నాడు. కరిచింది కాబట్టి పిచ్చి ఉందేమోనని ఎలాగూ పది రోజులు కనిపెట్టి చూడాలి, ఈ పది రోజులు ఇంకో మందు కలుపుదాం, కానీ అది బరువు మందు, కాలేయం తట్టుకోదు, ఎక్కువ రోజులు నడపలేం. "అప్పటికి గూడ ఇట్లనే ఉంటె, ఒక సూది ఇచ్చి బాధ లేకుండ సాగనంపుదాం హరిలాల్. దాన్ని ఇట్ల గోస వెట్టుడు పాపం."

పటాకుల వల్లే వచ్చింది. పటాకులే.

అక్టోబరు 19

పొద్దున్నే వేణు ఇంకో ఇద్దరితో వచ్చాడు. చేతుల్లో ఇనుప రాడ్లు. మంచివాడన్నాను కదా, మంచివాడే, తల్లి చేతికి కట్టు చూసి వచ్చాడు.

"అన్నా, నువ్వు పక్కకు జరుగు. గది పిచ్చి కుక్క."

నేను గడపకు అడ్డం నిలబడ్డాను. నెత్తికి రక్తం పోటెత్తుతోంది. రానీ, ఎవడు ముందు వస్తాడో చూద్దామనుకున్నాను. అప్పుడు గుత్తి చప్పుడు వినిపించింది.

"వేణూ, ఆగుర్రా." కట్టు కట్టిన చెయ్యి గుండెకు ఆనించుకుని బుచ్చవ్వ వచ్చింది. "కుక్క నన్ను కర్వలే. నేనే దాని నోట్ల చెయ్యి వెట్టిన. పది దినాలు కుక్కను సూస్కుంట ఉండుమన్నరు దవాఖానల. మీరు దీన్ని సంపితె నేను దేన్ని సూడాలెరా?"

రాడ్లు దిగాయి. ఆమె నాకేసి తిరిగి, "రోజు ఆరింటికి వస్త. నాకు సూపియ్యాలె" అని వెళ్లిపోయింది.

దండం పెట్టాల్సింది. నోటిదాకా వచ్చిన మాట ముగ్గు గుర్తొచ్చి ఆగిపోయింది.

మాత్ర మళ్లీ మొదలుపెట్టాను. నిన్న సాయంత్రం నుంచే. పూర్తి మాత్ర. డాక్టరుకు చెప్పాల్సినంత సంగతేమీ కాదు.

అక్టోబరు 20

దీపావళి. తలుపులు మూసి, చెవులకు దూది పెట్టాం, దానికి. పటాకుల వల్లే వచ్చింది.

అక్టోబరు 23

కొత్త మందుకు కుక్క తూలుతోంది. నిలబడబోతే వెనక కాళ్లు జారిపోతున్నాయి. నీళ్ల గిన్నెలో మూతి పెట్టి అలాగే నిద్రపోయింది. నేను చూడకపోతే ఊపిరాడక చచ్చేది. ఇంత మందు ఎవరిమ్మన్నారు? డాక్టరు మీద కోపం.

బుచ్చవ్వ రోజూ ఆరింటికి వచ్చి, బోర్లించిన బకెట్ మీద కూర్చుని, నేను మాత్ర వేయడం చూస్తోంది. నాతో మాట్లాడదు. చంద్రితో మాట్లాడుతుంది. కుక్క తూలుకుంటూ పోయి ఆమె కాళ్ల దగ్గరే పడుకుంటుంది. వేళ్లు చీల్చిందీ అదే, కాళ్ల దగ్గర పడుకున్నదీ అదే. రెండు పూటలా తిట్టుకుంటూనైనా మింగించేవాణ్ణి నేనున్నాను, నా దగ్గరకు రాదు.

అక్టోబరు 25

ఇవాళ నాతో మాట్లాడింది.

"మా తమ్మునికి గిట్లనే వచ్చేది హరిలాలూ. వచ్చిన్నాడల్ల మా అవ్వ ఉరికొచ్చి తాళాల గుత్తి నా చేతుల వెట్టేది, నేను వాని పిడికిట్ల వెడ్దును. జర సేపటికి తగ్గేది. ఇనుముకే తగ్గిందనుకునేటోళ్లం. దవాఖానకు తోల్కపోలే. ఎందుకు తోల్కపోతం, ఇంట్ల తాళాలుండంగ?"

"ఏమాయె మరి?"

"నాట్లప్పుడు ఒక్కడే ఒడ్డు మీదికెల్లి పోతుండె. మడిల బోర్ల వడ్డడు. జానెడు నీళ్లు లేవు. తాళాలు నా నడుముకున్నయి, నేను ఇంటికాడున్న." కట్టు కట్టిన చేత్తో గుత్తిని సవరించుకుంది. "గోలీలుంటయని నాకు నీ కుక్కను సూసినంకనే ఎర్కైంది. రోజు ఏస్తె మంచిగుంటదని. నువ్వు తిట్టుకుంట ఏసినా, ఒక్క పూట గూడ నాగ వెడ్తలేవు. గందుకే నేను నిన్ను ఏమంటలేను."

చంద్రి కళ్లు తుడుచుకుంది. నేను లేచి లోపలికి పోయి, నీళ్లు తాగి, ఖాళీ గ్లాసు గోడకు కొట్టాను. స్టీలు గ్లాసు. సొట్టపడింది.

అక్టోబరు 27

రేపు పదో రోజు. పొద్దున కృపాకర్ దగ్గరికి తీసుకుపోవాలి.

ఒక్క మాట చెబితే అయిపోతుంది. సార్, మందు పని చేసేది, నేను మానేశాను. చెప్పడానికి ఎంతసేపు? కానీ ఆ మాట రేపు లైనులో పడుతుంది. బుచ్చవ్వ వేళ్లు ఎవరి వల్ల చీలాయో వేణుకు తెలుస్తుంది. అదే నోటితో బుద్ధిలేనిదానివని అరిచాను నేను. డంపర్ ఎక్కిన ఇన్నేళ్లలో తప్పు నాది అని ఎవరి ముందూ అనలేదు. ఇప్పుడు కుక్క కోసం అనాలా?

ఊరికే మానేశానా? బాగైందనే కదా.

పటాకుల వల్ల.

అక్టోబరు 28

పొద్దున ఆరింటికి మాత్ర వేశాను. బుచ్చవ్వ బకెట్ మీద ఉంది. ఆటో వచ్చేదాకా చంద్రి ఇల్లు సర్దుతానని గూడు దులిపి, పాత బూట్లు తీసి మంచం కింద పడేసింది. నేను చూడలేదు. కుక్క చూసింది.

వెనక కాళ్లు ఈడ్చుకుంటూ, తూలుతూ, ఎడమ బూటు నోట కరుచుకుని వాకిట్లోకి వచ్చింది. బుచ్చవ్వ కాళ్ల దగ్గర పెట్టి, దాని మీద తల ఆనించబోయింది. బూటు ఒరిగింది. మాత్రలు గలగలా రాలాయి. తెల్లవి కుక్కవి, ఎర్రవి నావి.

చంద్రి వంగి ఏరింది. ఒక్కొక్కటీ కొంగులో వేసుకుంది. కోపమొస్తే మా భాషలోకి పోయి వీధంతా వినేటట్టు తిట్టే మనిషి, ఇవాళ కొంగు విప్పి బుచ్చవ్వకు చూపించింది.

"గివేంది?" అంది బుచ్చవ్వ.

"తెల్లయి కుక్కవి. ఎర్రయి నా మొగనివి."

బుచ్చవ్వ లేచింది. లేచేటప్పుడు కట్టు చెయ్యి ఆనించబోయి, నొప్పికి పళ్లు బిగించింది. వాకిట్లో నిలబడి, లైను లైనంతా వినేటట్టు, నేను ఆ రోజు ఎక్కడ నిలబడి అరిచానో అక్కడే నిలబడి అరిచింది.

"బుద్ధిలేనోడా! మాకు గోలీలున్నయని ఎర్కలేక తమ్ముణ్ణి పోగొట్టుకున్నం. నీకు ఎర్కుండి బూట్ల పారవోస్తివి గదరా!"

వేణు బయటికొచ్చాడు. అందరూ వచ్చారు. నాకు కోపం వస్తుందని ఎదురు చూశాను. రాలేదు. గడప మీద కూలబడ్డాను. కుక్క బూటు వదిలేసి, తూలుకుంటూ వచ్చి, నా తొడ మీద తల పెట్టింది. ఎవరు ఏమిటో దానికేం తెలుసు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. లైనంతా చూసింది.

ఆటోలో బుచ్చవ్వ కూడా ఎక్కింది. కృపాకర్ దగ్గర నా డొక్కలో మోచేత్తో పొడిచింది. "చెప్పు."

చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "అంటె మందు పని చేస్తుండె. నేను అనవసరంగ దీనికి ఇంత మత్తు ఎక్కిచ్చిన. నీ ఒక్క మాట నమ్మి, దీన్ని సాగనంపుదామనుకున్న. ఎర్కేనా నీకు?" ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. బరువు మందు మెల్లగా తగ్గించమని, పాత మాత్ర తప్పకుండా వేయమని చెప్పాడు. సాగనంపే మాట ఇంకెత్తలేదు. కుక్కకు పిచ్చి లేదు, బుచ్చవ్వ వేళ్లకు భయం లేదు. ఆమెను సూదులు మాత్రం పూర్తిచేసుకోమన్నాడు.

అక్టోబరు 29

పూజకు చంద్రి అంతా చెప్పేసింది. పూజ నాతో మాట్లాడనంది. సరే.

నవంబరు 9

పల్లికి ఇవాళ మళ్లీ వచ్చింది. మాత్ర ఒక్క పూట తప్పలేదు. పటాకులు లేవు, బ్లాస్టింగ్ లేదు. ఊరికే వచ్చింది. దాని రోగం అది, వస్తుంది.

ఎవరిని తిట్టాలో తెలియలేదు. చంద్రి లైటు తీసేసింది. నేను బకెట్, కుర్చీ జరిపి, తల కింద బొంత పెట్టి, పక్కన కూర్చున్నాను. బుచ్చవ్వ పరుగున వచ్చింది, గడప దగ్గర ఆగి, తాళాల గుత్తి విప్పి మా తలుపు మేకుకు తగిలించి, అప్పుడు లోపలికి వచ్చింది. గోడకు ఆనుకుని కూర్చుంది. పెదవులు కదులుతున్నాయి. ఊరుకోవడం ఇంత కష్టమని డాక్టర్లకు తెలియదు. కళ్ల ముందు కొట్టుకుంటుంటే చేతులు కట్టుకుని కూర్చోవాలి. చాలా కోపం వచ్చింది, ఎవరి మీదా కాదు, ఆ జబ్బు మీద.

కాసేపటికి ఆగింది. లేచి గోడలకు తగులుతూ తిరిగింది. చంద్రిని గుర్తుపట్టలేదు, నన్నూ గుర్తుపట్టలేదు. మేం ముగ్గురం కాళ్లు ముడుచుకుని దానికి దారిచ్చాం. తర్వాత వచ్చి నా చెయ్యి వాసన చూసి, తోక ఊపింది.

ఆరైంది. మోకాళ్ల మధ్య పట్టుకుని, దవడ ఎత్తి, మాత్ర పెట్టి, గొంతు నిమిరాను. "నోరు తెరువ్" అన్నాను. తెరిచింది. మింగింది.

చంద్రి నీళ్ల గ్లాసు తెచ్చింది, ఆ సొట్టదే. ఎర్ర మాత్ర నా అరచేతిలో పెట్టింది. వేసుకున్నాను. నీళ్లు తాగి లేవబోతుంటే బుచ్చవ్వ కదలలేదు.

"ఏంది, ఏసుకున్న గద!" అని అరిచాను.

"నోరు తెరువ్" అంది.